అక్క పెళ్లి శ్రీలంకలో, గాలె కోటలో: అడ్వాన్సుకి పది రోజులే గడువు, తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి తమ్ముడు:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

మాది తెనాలి. నాన్న లెక్కల మాస్టారు, రిటైరై ఆరేళ్లయింది. అక్కకి హైదరాబాద్‌లో ఉద్యోగం. కాబోయే బావది వరంగల్, ఉండేది డాలస్‌లో. వచ్చే మాఘంలో బహుళ విదియ, ఉత్తరా నక్షత్రం, రాత్రి 10 గంటల 40 నిమిషాలకి తులా లగ్నం అని సిద్ధాంతిగారు రాసిచ్చారు. అందాకా ఎవరికీ పేచీ లేదు. ఎక్కడ చెయ్యాలి అన్న దగ్గర మొదలైంది.

2023 నవంబర్‌లో వరుణ్ తేజ్, లావణ్యల పెళ్లి ఇటలీలో, టస్కనీలో జరిగింది కదా. అప్పట్నుంచి అక్క ఫోన్ నిండా ద్రాక్షతోటలే. నూట ఇరవై మందికి షెంజెన్ వీసాలు, అందరి వేలిముద్రలు, అందరి బ్యాంకు స్టేట్‌మెంట్లు. నాన్న తెల్లకాగితం మీద నిలువు కూడిక వేసి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. ఏమీ మాట్లాడలేదు. మర్నాటికి ఇటలీ అటకెక్కింది. ఆ వారమే బావ ఫ్రెండొకడు గాలె కోట ఫోటోలు పంపాడు. హైదరాబాద్ నుంచి కొలంబోకి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, పైగా పాత కోట, సముద్రం, పెంకుటిళ్లు. అక్క మళ్లీ మొదలు.

పోయిన నెల నేనూ అక్కా వెళ్లి చూసొచ్చాం. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండున్నర గంటలు పట్టింది. కోటని ముందు పోర్చుగీసువాళ్లు 1588లో కట్టారట. 1640లో డచ్చివాళ్లు లాక్కుని, ఇప్పుడు మనం చూసే రాతి బురుజులన్నీ వాళ్లు లేపారు. 1796లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఇదంతా గైడు చెప్పాడు. నాకు నచ్చింది వేరే. అది మన గోల్కొండలా టికెట్ కొని చూసి వచ్చేసే కోట కాదు. లోపల జనం కాపురాలుంటున్నారు. బడి పిల్లలు తెల్ల యూనిఫామ్‌లో సైకిళ్ల మీద పోతుంటారు, సాయంత్రం బురుజుల మీద గాలిపటాలు ఎగరేస్తారు. ఓ వైపు చర్చి, ఓ వైపు మసీదు, పక్కన లైట్‌హౌస్. గోడెక్కితే క్రికెట్ స్టేడియం మొత్తం కనిపిస్తుంది.

మేము చూసిన హోటలు పాతకాలం డచ్చి ఇల్లు. నడిమధ్య ఆకాశం కనపడే వాకిలి, చుట్టూ వసారా, లావాటి స్తంభాలు, పెంకు కప్పు. అచ్చం అమ్మమ్మ వాళ్ల మండువా లోగిలే, కాకపోతే దీనికి రాత్రికింత అని అద్దె. అక్క ఆ వాకిట్లో నిలబడి ‘మండపం ఇక్కడే’ అనేసింది.

ఇప్పుడు సమస్యలు. హోటల్లో గదులు పంతొమ్మిది. మిగతావాళ్లు కోట బయట వేరే హోటళ్లలో ఉండాలి. అడ్వాన్సు 30 శాతం పది రోజుల్లో కట్టాలి, తిరిగివ్వరు. కొటేషన్ డాలర్లలో ఇచ్చారు, ప్రతి అంకె పక్కనా రెండు ప్లస్ గుర్తులున్నాయి. లెక్కల మాస్టారికి ఆ రెండు ప్లస్‌లు నిద్ర పట్టనివ్వడం లేదు. ‘కూడమన్నాడు సరే, ఏం కూడాలో రాయడేం?’ అంటారు.

బావ ఫ్రెండ్స్ వచ్చిన రోజే, అంటే పెళ్లికి రెండ్రోజుల ముందు, పెద్ద కాక్‌టెయిల్ పార్టీ పెట్టుకుంటామన్నారు. మర్నాడు పసుపు దంచడం, సంగీత్. ఆ మర్నాడు రాత్రి పెళ్లి.

నాన్నమ్మకి ఎనభై రెండు, పాస్‌పోర్టు లేదు. ఆవిడ మాట వేరే ఉంది. ‘సీతమ్మను ఎత్తుకుపోయిన ఊరికి మనంతట మనమే పిల్లని తీసుకెళ్లడమేమిట్రా?’

నాన్న మొదట ససేమిరా అన్నారు. పెళ్లంటే ఊరు భోంచెయ్యాలి అంటారు. తర్వాత ఎక్కడో చదివొచ్చారు. లంకలో కండీని ఏలిన రాజులు మదురై నుంచి పిల్లల్ని పెళ్లి చేసుకుని తెచ్చుకునేవాళ్లట. 1739లో నరేంద్రసింహుడు వారసుడు లేకుండా పోతే రాణిగారి సోదరుడే శ్రీ విజయ రాజసింహ అన్న పేరుతో గద్దె ఎక్కాడు. తెలుగు మూలాలున్న ఆ నాయక వంశం 1815 దాకా ఏలింది. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహని ఇంగ్లీషువాళ్లు వెల్లూరు కోటకి పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. ఇది చదివాక నాన్న కొంచెం మెత్తబడ్డారు. నాతో మాత్రం, ‘పెళ్లికూతురి వెంట వెళ్లిన బావమరిది అక్కడ రాజే అయ్యాడు. నువ్వు కనీసం సామాన్లు లెక్కపెట్టుకుని తీసుకురా’ అన్నారు.

అడ్వాన్సు కట్టేముందు మేము చూడనిదేమైనా ఉందా? అక్కడ పెళ్లి చేసినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి.


పచ్చగడ్డి:

అప్పు చేసి పప్పుకూడు అంటే ఇదే. తెనాలిలో ఫంక్షన్ హాళ్లు లేవా? నూట ఇరవై మందిని విమానం ఎక్కించే డబ్బు అక్క పేరున ఎఫ్‌డీ వెయ్యండి.


తెనాలి తమ్ముడు:

ఖర్చులో సగం అక్కదీ బావదీ అండీ, వాళ్ల జీతాల్లోంచి. అప్పు లేదు. తెనాలిలో చేస్తే ఎనిమిది వందల మందికి తక్కువ పిలవలేం, ఆ లెక్కా నాన్న వేశారు. రెండు అంకెలకీ మీరనుకున్నంత దూరం లేదు.


కొలంబో కోడలు:

తమ్ముడూ, అడ్వాన్సు కట్టకు. ఆగు. ముందు ఇది చదువు.

మాది నెల్లూరు, మా ఆయన ఇక్కడ గార్మెంట్స్‌లో. తొమ్మిదేళ్లయింది వచ్చి. నీ తిథులు చూడగానే నాకు గుండె ఝల్లుమంది. బహుళ విదియ పెళ్లి అంటే రెండ్రోజుల ముందు ఏమిటి? పౌర్ణమి. ఇక్కడ ప్రతి పౌర్ణమీ ‘పోయ’. దేశమంతా సెలవు. ఆ రోజు మందు అమ్మకం బంద్, మాంసం కొట్లు బంద్, బార్లు బంద్. హోటళ్లలో కూడా పొయ్యరు. మాఘ పౌర్ణమిని వీళ్లు ‘నవం పోయ’ అంటారు. మీ బావ ఫ్రెండ్స్ కాక్‌టెయిల్ సరిగ్గా ఆ రోజు పెట్టుకున్నారు.

హోటల్ వాళ్లు చెప్పలేదా అంటావేమో. వాళ్లకి అది ఎంత మామూలంటే, చెప్పాలని తోచదు. మనకి దసరానాడు సెలవు అని ఎవరైనా చెప్తారా? నువ్వు తారీకు చెప్పావు, తిథి చెప్పలేదు. మన క్యాలెండరూ వాళ్ల క్యాలెండరూ ఒకే చంద్రుణ్ణి చూస్తాయి, అదే చిక్కు. మా పిన్నత్తగారి కొడుకు పెళ్లికి ఇలాగే జరిగితే, పార్టీ మొత్తం తంబిలి నీళ్లతో నడిచింది. తంబిలి అంటే ఇక్కడి నారింజరంగు కొబ్బరిబొండం. తియ్యగానే ఉంటుంది, కానీ డాలస్ నుంచి వచ్చిన కుర్రాళ్ల మొహాలు చూడాలి.

పోయకి ఇంకో మాట. లాంగ్ వీకెండ్ కలిసొస్తే కొలంబో జనమంతా దక్షిణానికి దిగుతారు. బయటి హోటళ్ల గదులు ఇప్పుడే పట్టుకో. ఆ వారం గాలెలో టెస్టు మ్యాచ్ ఏదైనా ఉందేమో కూడా అడుగు.

ఇక తిండి. మీలో శాకాహారులు ఎంతమంది? ఇక్కడ ‘వెజ్’ అని రాసిన గిన్నెలో కూడా ఉంబలకడ ఉండొచ్చు. ఎండబెట్టిన ట్యూనా చేప ముక్కలు, మాల్దీవ్ ఫిష్ అంటారు. కొబ్బరి పచ్చడిలో వేస్తారు, కూరగాయల కూరల్లో వేస్తారు. మనం ఇంగువ వేసినంత అలవాటుగా వేస్తారు, దాన్ని చేప కింద లెక్కపెట్టరు. మా అత్తగారు వచ్చిన కొత్తల్లో పొల్ సంబోల్ రెండుసార్లు వేయించుకుని తిన్నారు, ‘ఈ కమ్మదనం ఎక్కడిదే’ అని. నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. నువ్వు మాత్రం మెనూ మీద ‘ఉంబలకడ వద్దు’ అని ఆ మాటతోనే రాయించు. ‘ప్యూర్ వెజ్’ అంటే సరిపోదు.

డెకరేషన్ వాళ్లకి ఒక్కటి గట్టిగా చెప్పు. బుద్ధుడి బొమ్మలు పెట్టొద్దు. మన దగ్గర రిసెప్షన్లలో ఫౌంటెన్ పక్కన బుద్ధుడి తల పెడతారు చూడు, అది ఇక్కడ చాలా తప్పు. విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగినా ఊరుకోరు. అలాగే మీ పంతులుగారు హోమానికి రావి సమిధలు అడుగుతారేమో. హోటల్ తోటమాలిని రావికొమ్మ విరవమని అడక్కండి. అనురాధపురంలో ఉన్న బోధివృక్షం ఇక్కడివాళ్లకి దేవుడితో సమానం, ఊళ్లో రావిచెట్టు ఏదైనా దాని వంశమే అన్నట్టు చూస్తారు. మామిడి సమిధలతో కానివ్వమనండి.

మంచి మాట కూడా చెప్తాను. ముహూర్తం సంగతి ఇక్కడ విడమరిచి చెప్పక్కర్లేదు. సింహళీయులకీ ముహూర్తం పట్టింపు ఎక్కువే, ‘నెకత్’ అంటారు. మన నక్షత్రమే ఆ మాట. వాళ్ల పెళ్లిలో కూడా వధూవరులు ‘పోరువ’ అనే పీట ఎక్కడానికి నిమిషాలతో సహా నెకత్ ఉంటుంది. మేనేజరుతో ‘మా నెకత్ 10.40’ అను, ఆ తర్వాత ఆయనే వాచీ చూసుకుంటాడు. అయితే కోటలో ఇళ్లున్నాయి కాబట్టి రాత్రి మైకు ఎన్నింటిదాకా ఉంచనిస్తారో ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకో. గట్టిమేళానికి మైకు అక్కర్లేదనుకో, కానీ తర్వాత డీజే ఆశలుంటే వదులుకోండి.

మేళాన్ని తెనాలి నుంచి మొయ్యొద్దు. ఇక్కడి తమిళుల్లో నాదస్వరం, తవిల్ వాయించేవాళ్లు చాలా గట్టివాళ్లు, యాళ్పాణం, అదే జాఫ్నా వాళ్లయితే మరీను. అరిటాకులు, తమలపాకులు, కొబ్బరికాయలు, పూజ సామాను అన్నీ కొలంబోలో వెల్లవత్తలో దొరుకుతాయి. కిలోలకొద్దీ పసుపు పట్టుకురాకండి, 2020లో దిగుమతి ఆపేసినప్పుడు ఇక్కడ పసుపు కూడా స్మగ్లింగ్ సరుకైంది. పచ్చి మొక్కలు, పూలు కూడా ఎయిర్‌పోర్టులో పేచీయే.

సీజన్ మాత్రం బాగా కుదిరింది. మాఘం అంటే దక్షిణ తీరంలో పొడి కాలం, సముద్రం చెరువులా ఉంటుంది. అదే శ్రావణంలో ముహూర్తం పెట్టుంటే రావొద్దనేదాన్ని, మే నుంచి సెప్టెంబర్ దాకా అటువైపు వాన.


విశాఖ పెదనాన్న:

బాబూ, రెండేళ్ల క్రితం మా పెద్దమ్మాయి పెళ్లి బెంతొటలో చేశాం. గాలె నుంచి కొలంబో వెళ్లే దారిలో, సముద్రం ఒడ్డున. పై అమ్మాయి చెప్పినవి అన్నీ నిజం. నేను కాగితాల సంగతీ డబ్బు సంగతీ చెప్తాను, ఎందుకంటే దెబ్బతిన్నది అక్కడే.

ముందు మీ నాన్నగారి రెండు ప్లస్‌లు. మొదటిది సర్వీస్ చార్జి, 10 శాతం. రెండోది పన్ను. వ్యాట్ 2024 జనవరి నుంచి 18 శాతం, అదీ సర్వీస్ చార్జి కలిపిన మొత్తం మీద వేస్తారు. అంటే 100 డాలర్లు 110 అయి, 110 కాస్తా 129 డాలర్ల 80 సెంట్లు అవుతుంది. పైన చిన్న పర్యాటక పన్నొకటి. మొత్తం కొటేషన్‌ని 1.3తో గుణించమనండి, ఆయన హాయిగా నిద్రపోతారు. నేను బిల్లు చేతికొచ్చిన రోజు నేర్చుకున్నాను ఈ లెక్క. డాలర్లు పంపేటప్పుడు బ్యాంకు వాళ్లు టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, పట్టొచ్చు. ఎవరి పేరు మీద పంపాలో ముందే మీ ఆడిటర్‌ని అడిగితే రిటర్నులో సర్దుకోవచ్చు.

రెండోది, ఇదే అన్నిటికంటే పెద్దది. పెళ్లికొడుకు డాలస్‌లో ఉన్నాడన్నావు. అక్కడి ఉద్యోగ వీసా హెచ్1బీ అయితే, మీ అక్కకి భార్యగా వెళ్లే వీసా హెచ్4 కావాలి. దానికి కావలసింది ఫోటో ఆల్బం కాదు, మ్యారేజ్ సర్టిఫికెట్. పెళ్లి లంకలో అయితే ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ ‘పెళ్లి ఎక్కడ జరిగింది’ అని మొదటి ప్రశ్నే వేస్తాడు. మేము ఆ చిక్కులో రెండు నెలలు తిరిగాం. మీరు అలా చెయ్యకండి. ముందుగా ఇక్కడే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, అదే 1954 చట్టం కింద రిజిస్టర్ చేయించండి. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి, నోటీసు ఇచ్చాక ఇంకో 30 రోజులు ఆగాలి. అబ్బాయి సెలవు ఎన్నాళ్లో దాన్ని బట్టి వెనక్కి లెక్కపెట్టండి. నోటీసు ఇచ్చేటప్పుడు ఎవరెవరు రావాలో ఆఫీసుకి వెళ్లి కనుక్కోండి, ఫోన్లో చెప్పరు. పెద్దవాళ్లు ‘ముహూర్తం కాకుండా సంతకాలేమిటి’ అంటారు. అది కాగితం, ఇది పెళ్లి అని చెప్పండి. మా వియ్యపురాలు ఆ రోజు ఆఫీసు బయట కారులోనే కూర్చుంది, లోపలికి రాలేదు. తర్వాత ఆ సర్టిఫికెట్ జెరాక్స్ ముందు ఆవిడే అడిగి తీసుకుంది.

మూడోది బంగారం. వడ్డాణం, వంకీలు, కాసులపేరు అన్నీ తీసుకెళ్తారు కదా. వెళ్లేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దగ్గర చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అది మీ ఇంటి బంగారమే అని రుజువు చెయ్యడం మీ మెడకి చుట్టుకుంటుంది. బిల్లులు, ఫోటోలు, తూకం కాగితం దగ్గర పెట్టుకుని మూడు గంటలు ముందే వెళ్లండి. అక్కడ దిగాక కూడా డిక్లేర్ చెయ్యండి. మా బావగారు ‘ఒంటి మీద వేసుకొచ్చేస్తే ఎవరడుగుతారు’ అన్నారు. అడిగారు.

మీ నాన్నమ్మగారి పాస్‌పోర్టుకి ఇవాళే అప్లై చెయ్యండి. పెద్దవాళ్లకి బర్త్ సర్టిఫికెట్ లేకపోయినా ఫరవాలేదు, పుట్టిన తేదీకి పాన్ లాంటివి తీసుకుంటారు. కాకపోతే ఆధార్‌లోనూ పాన్‌లోనూ తేదీ, పేరు ఒకేలా ఉండాలి. మా అమ్మ ఆధార్‌లో జనవరి 1 అని ఉంది, ఆ కాలం వాళ్లందరూ జనవరి 1నే పుట్టారు మరి. శ్రీలంకకి ఈటీఏ, అంటే ప్రయాణానికి ముందు తీసుకునే అనుమతి, ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ఫీజు విషయం మారుతూ ఉంటుంది, ప్రభుత్వ వెబ్‌సైట్లోనే చూసుకోండి. అలాంటి పేర్లతో వేరే సైట్లు ఉన్నాయి, మా తోడల్లుడు అందులో డబ్బు పోగొట్టుకున్నాడు.

మండువాలో మండపం అన్నావు చూడు, అది నీ అదృష్టం. వదులుకోకు. మేము సముద్రం ఒడ్డునే కావాలని పట్టుబట్టాం. జీలకర్ర బెల్లం దాకా బాగానే ఉంది. హోమం దగ్గరికొచ్చేసరికి గాలి తిరిగి పొగంతా పీటల మీదికి. పెళ్లికొడుకు కళ్లు తుడుచుకుంటూనే మంత్రాలు చెప్పాడు, వీడియోలో చూస్తే అప్పగింతలు వాడికే అనిపిస్తుంది. తలంబ్రాలు పోస్తే సగం ఫోటోగ్రాఫర్ మీద పడ్డాయి. అయితే మీ హోటలు పాత ఇల్లు, పెంకుల కింద కలప ఉంటుంది కాబట్టి వాకిట్లో నిప్పు పెట్టుకోనిస్తారా, గుండం కింద ఇసుక, ఇటుకలు ఎవరు పెడతారు, అన్నది కాంట్రాక్టులో రాయించు. నోటిమాట వద్దు. డ్రోన్ ఎగరెయ్యాలంటే అక్కడి పౌర విమానయాన అధికారుల అనుమతి ఉండాలి, మన వీడియోవాడు బ్యాగులో పడేసి తెచ్చేస్తానంటాడు, వద్దను.

డెకరేషన్‌కి కుదుర్చుకున్నవాళ్లకి ‘సింపుల్‌గా, రిచ్‌గా’ అని చెప్పింది మా అమ్మాయి. వాళ్లు మొత్తం తెల్లపూలతో నింపేశారు. మా అమ్మ వీల్‌చైర్లోంచి చూసి ‘ఎవరు పోయారే’ అంది. అప్పటికప్పుడు కొలంబో మనిషిని పంపి బంతిపూలు తెప్పించాం. రంగు పేరు పెట్టి రాయించు, బంతి, చేమంతి, మామిడాకు తోరణం అని.


కరీంనగర్ కుడుక:

అన్నా, మీ బావ వాళ్లది వరంగల్ అన్నవు కాబట్టి చెప్తున్న. మా దిక్కు కుడుకలు లేకుండ పెళ్లి కాదు. పోయినేడు మా దోస్తు పెళ్లి విదేశంలో అయితే, పెట్టెడు కుడుకలు ఎయిర్‌పోర్టుల తీసి పక్కకు పెట్టిన్రు. ఎండు కొబ్బరిల నూనె ఉంటది, అంటుకుంటదని విమానంల రానియ్యరు. కర్పూరం, అగ్గిపెట్టె కూడ అంతే. పెళ్లికొడుకు మేనత్త అక్కడ్నే కూసుండి ఏడ్చింది. దిగినంక అక్కడి కొట్లల్ల కొనుండ్రి. తలంబ్రాల బియ్యం, బాసింగాలు, జీలకర్ర, బెల్లం అయితే ఏం గాదు. మంగళసూత్రం మాత్రం చేతి సంచిల పెట్టుకోండ్రి, లగేజీల వెయ్యకుండ్రి.


గోళాల గోల:

ఒక చిన్న విషయం. సిద్ధాంతిగారు లగ్నం ఏ ఊరికి కట్టారో అడిగారా? టైం జోన్ ఒకటే, 2006 నుంచి శ్రీలంక కూడా మన టైమే. గాలె రేఖాంశం కూడా ఇంచుమించు తెనాలిదే. కానీ తెనాలి 16 డిగ్రీల ఉత్తరాన ఉంటే గాలె 6 డిగ్రీల దగ్గర ఉంది. లగ్నం మొదలయ్యే టైము కొన్ని నిమిషాలు అటూఇటూ అవుతుంది. 10.40 తులా లగ్నం మధ్యలో ఉంటే ఇబ్బంది లేదు, అంచున ఉంటే చూసుకోవాలి.


తెనాలి తమ్ముడు:

అందరికీ దండాలు. నాలుగు రోజులు కనపడలేదు, ఇంట్లో కురుక్షేత్రం నడిచింది. జరిగింది చెప్తాను.

కొలంబో కోడలక్కా, నీ పోస్టు చదివి రాత్రికి రాత్రే బావకి ఫోన్ చేశాను. ముందు నవ్వాడు, తర్వాత క్యాలెండర్ తెరిచి గమ్మునైపోయాడు. హోటల్‌కి మెయిల్ పెడితే మేనేజరు గంటలో జవాబిచ్చాడు, ‘అవును, ఆ రోజు పోయ, మీకు తెలుసనుకున్నాం’ అని. అచ్చం నువ్వన్నట్టే. ఇప్పుడు వరస మారింది. పౌర్ణమి రోజు అందరూ దిగడం, మెహందీ, రాత్రికి బురుజు మీద వెన్నెల్లో నడక, పూర్తి శాకాహార భోజనం. పాడ్యమి పొద్దున పసుపు, రాత్రి సంగీత్, కుర్రాళ్ల పార్టీ కూడా ఆ రాత్రే. బావ ఫ్రెండ్స్ గొణిగారు. నాన్నమ్మకి మాత్రం పౌర్ణమినాడు ఊరంతా మాంసం ముట్టరని చెప్తే, ‘అయితే రాక్షసులేం కాదన్నమాట’ అంది. అంటే ఒప్పుకున్నట్టే.

పెదనాన్నగారూ, 1.3 లెక్క నాన్నకి చూపించాను. ఆయన ముందు 1.298 అని దిద్దారు. తర్వాత మొత్తం అంకె చూసి, అతిథుల్ని నూట ఇరవై నుంచి తొంభై ఆరుకి తగ్గించారు. ఎవర్ని తీసేశారన్నది ఇక్కడ రాయను, మా వాళ్లు కొందరు ఈ పేజీ చూస్తుంటారు. ఊరి భోజనం మాట కూడా తేలింది. సత్యనారాయణ వ్రతం తెనాలిలో, ఆ రోజే ఊరికి విస్తళ్లు. రిజిస్ట్రేషన్‌కి బావ డిసెంబర్‌లో సెలవు పెట్టుకుని వస్తున్నాడు, ఆఫీసుకి వెళ్లి నోటీసు సంగతి అడిగొచ్చాను. ఒకసారి కాదు, మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి లంచ్, రెండోసారి సర్వర్ డౌన్.

హోమం, ఇసుక, ఇటుకలు, 10.40కి నాదస్వరం, 10 తర్వాత మైకు లేదు, ఉంబలకడ లేదు, బుద్ధుడి బొమ్మలు లేవు, తెల్లపూలు లేవు. అన్నీ కాంట్రాక్టులో రాయించాం. మేనేజరు ‘ఇంత వివరంగా ఎవరూ అడగలేదు’ అని రాశాడు. నాన్న దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నారు.

గోళాల అన్నా, సిద్ధాంతిగారు తెనాలికే కట్టారట. గాలెకి మళ్లీ కట్టి, లగ్నం మధ్యలోనే ఉంది, 10.40 అలాగే ఉంచండి అన్నారు. దానికి ఇంకో నూటపదహార్లు తీసుకున్నారు.

కరీంనగర్ అన్నా, కుడుకల సంగతి బావ వాళ్లమ్మగారికి చెప్పేసరికి ఆవిడకి నా మీద గౌరవం పెరిగింది. ‘గుంటూరు పిల్లగానికి కుడుకల సంగతి ఎరుకే’ అన్నారట.

నిన్న సాయంత్రం అడ్వాన్సు కట్టేశాం.

కోడలక్కా, ఆఖరుగా రెండు అడగాలి. వెల్లవత్తలో కుడుకలు, అంటే గుండ్రంగా ఉన్న ఎండు కొబ్బరి చిప్పలు, ఒక రెండు వందలు ఒకేచోట దొరుకుతాయా? రెండోది నాన్నమ్మ షరతు. నువర ఎలియ దగ్గర సీతమ్మ గుడి ఉందట కదా, అశోకవనం అంటారే, అది చూపిస్తేనే పాస్‌పోర్టు ఫోటోకి కూర్చుంటానంటోంది. గాలె నుంచి పెద్దావిడని కారులో ఆ కొండల మీదికి ఒక్క రోజులో తీసుకెళ్లి తేవచ్చా, మధ్యలో రాత్రి ఎక్కడైనా ఆగాలా? 2025 నవంబర్‌లో వచ్చిన దిత్వా తుపానుకి అటువైపు కొండచరియలు విరిగాయని చదివాను, ఇప్పుడు రోడ్లెలా ఉన్నాయి? ఫోటో స్టూడియో వాడు రేపు పది గంటలకి రమ్మన్నాడు, ఆలోపు చెప్పగలిగితే చాలు.